1969 ఫియట్ డిలైట్ కొనే ముందు: మొదట అడుగుభాగం, తర్వాత నంబర్లు, ఆఖరున ఇంజన్

కరీంనగర్‌లో అమ్మకానికి పెట్టిన 1969 నాటి ఫియట్ 1100 డిలైట్ మీకు బాగా నచ్చిందని, ప్రకటనలో దానిని ‘ఇటాలియన్ క్లాసిక్ స్పోర్ట్స్ కారు’ అన్నారని రాశారు. రెండు కార్బొరేటర్లు, ఫ్లోర్ గేరు, బకెట్ సీట్లు ఉన్నాయి. ఈ మధ్యనే ఎర్ర రంగు వేయించారు. కారు ఏళ్లుగా షెడ్డులోనే నిలిచి ఉందట. నాలుగు లక్షలు చెబుతున్నారు. ఆర్సీ పుస్తకం మాత్రం చనిపోయిన, అమ్మేవారి తండ్రిగారి పేరు మీదే ఉంది. మీరు హన్మకొండలో ఉంటూ, ఆదివారాలు జనగామ దాకానో రామప్ప దాకానో దానిని నడుపుకోవాలనుకుంటున్నారు. వరంగల్ ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి ఈ ఫియట్‌ల మీదే పని చేసినవాడిని కాబట్టి నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ కారులో ఇంజన్ బాగుచేయడం అన్నిటికన్నా చవకైన పని. డబ్బును మింగేది కారు అడుగుభాగం, మనశ్శాంతిని మింగేది కాగితాలు. కొనేవాళ్లలో చాలామంది బానెట్ ఎత్తి, ఇంజన్ చప్పుడు విని బేరం తేల్చేస్తారు. మీరు ఆ వరుసను తిరగేయండి.

ఇది ఏ కారో ముందు స్పష్టంగా తెలియాలి. ఫియట్ 1100లో ఈ తరం 1953లో జెనీవా మోటార్ షోలో బయటికి వచ్చింది. బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు దానినే ఇక్కడ తయారుచేశారు. 1964 ప్రాంతంలో డిలైట్ పేరుతోను, 1974 నుంచి ప్రీమియర్ పద్మిని పేరుతోను అమ్మారు. ఇంజన్ 1089 సీసీ, నలభై హార్స్‌పవర్ చిల్లర. ఇది నలుగురు కూర్చుని వెళ్లే కుటుంబం కారే తప్ప, కంపెనీ నుంచి స్పోర్ట్స్ కారుగా వచ్చింది కాదు. మద్రాసు దగ్గరి షోలవరం ఎయిర్‌స్ట్రిప్ మీద రేసులు జరిగిన రోజుల్లో ఫియట్‌లను తేలిక చేసి, కార్బొరేటర్లు మార్చి పరుగెత్తించిన మాట నిజం. ఆ మోజుతోనే మన వైపు కూడా కొందరు తమ బండ్లను మార్పించుకున్నారు. మీరు చూసింది అలాంటి బండి అయి ఉండాలి. అంటే ‘స్పోర్ట్స్’ అనే మాటకు మీరు కట్టబోయే ధర ఇటలీకి కాదు, ఎవరో మేస్త్రీ చేసిన మార్పులకు. ఆ మార్పులు ధరను పెంచుతాయా, తగ్గిస్తాయా అన్నది కాసేపట్లో చూద్దాం.

ఈ కారుకు లారీలకు, జీపులకు ఉన్నట్టు విడిగా చాసిస్ ఫ్రేము ఉండదు. రేకుల్ని మడిచి, వెల్డింగ్ చేసిన బాడీయే మొత్తం బరువును మోస్తుంది. అందువల్ల తలుపుల కింద పొడవునా ఉండే పెట్టెలాంటి సైడ్ మెంబర్లు, కాళ్ల కింది ఫ్లోరు, వెనుక కమాన్ పట్టీలు బిగించే చోట్లు, ముందు సస్పెన్షన్ బిగించే చోట్లు తుప్పు పట్టాయంటే, ఇంట్లో దూలం పుచ్చినట్టే. పైన ఎంత మెరుగు పెట్టినా లాభం లేదు. కరీంనగర్, వరంగల్ పొడి ప్రాంతాలు కనుక ఇక్కడే పుట్టి పెరిగిన బండికి బొంబాయి, విశాఖ బండ్లకు పట్టినంత తుప్పు పట్టదు. ఆ మాట విని నిశ్చింతగా ఉండకండి. ఎండాకాలమంతా షెడ్డులో ఉన్న కారు వానాకాలం కూడా అదే షెడ్డులో తడి మట్టినేల మీద నిలబడి ఉంటుంది. 2020 ఆగస్టులో, 2023 జులైలో వరంగల్‌లో వరద వచ్చినప్పుడు హంటర్ రోడ్డు, నయీంనగర్ వైపు ఎన్నో వాహనాలు నీళ్లలో నిలిచాయి. ఆ తర్వాత రంగు వేయించుకుని అమ్మకానికి వచ్చిన బండ్లు కొన్ని ఉంటాయి. ఈ కారు గత పదేళ్లు ఎక్కడెక్కడ ఉందో అడగండి. జవాబు ఎలా ఉన్నా తలుపు లోపలి ప్యానెల్ ఒకటి విప్పించి, సీటు స్ప్రింగుల కింద, హెడ్‌లైటు గిన్నె వెనుక టార్చి వేసి చూడండి. అక్కడ సన్నటి ఒండ్రు గీతలా పేరుకుని ఉంటే ఆ కారు నీళ్లలో నిలబడిందని అర్థం. అప్పుడు వైరింగు మొత్తం మార్చాల్సి వస్తుంది.

కొత్త ఎర్ర రంగు నాకు సంతోషం కన్నా అనుమానాన్నే ఎక్కువ కలిగిస్తోంది. రేడియో స్పీకర్లలో ఉండే చిన్న అయస్కాంతం ఒకటి తీసుకుని, రంగు గీసుకోకుండా పలచటి గుడ్డలో చుట్టి వెంట తీసుకెళ్లండి. చక్రాల పైన ఉండే వంపుల అంచులు, తలుపుల కింది అంచు, హెడ్‌లైట్ల చుట్టూ, డిక్కీ కింది మూలలు, ముందు అద్దం కింది మూలలు — వీటి మీద నెమ్మదిగా జరుపుతూ పోండి. రేకు మీద అది గట్టిగా పట్టుకుంటుంది, లప్పం (సొట్టలు పూడ్చే పుట్టీ) మీద జారిపోతుంది. ఒకటి రెండు చోట్ల పలచగా లప్పం ఉండటం యాభై ఏళ్లు దాటిన కారుకు తప్పేమీ కాదు. చేతి వెడల్పున అయస్కాంతం అసలు పట్టుకోని చోటు ఉందంటే అక్కడ రేకు లేదు, లేదా చాలా లోతుకు పోయింది; లప్పంతో ఆకారం చెక్కారు. రంగు వేయించక ముందు తీసిన ఫొటోలు చూపించమని అడగండి. శ్రద్ధగా పని చేయించినవాళ్లు తప్పకుండా ఫొటోలు తీసి దాచుకుంటారు.

పైన చూడటం అయ్యాక లోపలికి రండి. కాళ్ల కింది రబ్బరు మ్యాట్లు, వాటి కింద అతికించిన గుడ్డలు, అన్నీ ఎత్తించండి. అమ్మేవారు మొహమాటపడితే మీరు మొహమాటపడకండి. డ్రైవరు మడమ ఆనే చోట, వెనుక సీటు కింద, స్టెప్నీ పెట్టే గుంతలో పెద్ద స్క్రూడ్రైవరు పిడితో కొట్టి వినండి. మంచి రేకు గణగణమంటుంది, తుప్పు తిన్నది డొల్లగా పొడిచప్పుడు చేస్తుంది. పాత ఫ్లోరు మీదే కొత్త రేకు ముక్క పరిచి చుట్టూ వెల్డింగ్ పెట్టడం ఇక్కడ ఎక్కువగా కనిపించే పని. రెండు రేకుల మధ్య తడి నిలిచి కింది రేకు ఇంకా వేగంగా తింటుంది. కింద నుంచి కొత్తగా నల్లటి తారు కోటింగ్ దట్టంగా కొట్టి ఉంటే, దాని వెనుక ఏముందో తెలియనంత వరకు ఆ కారు అడుగు పాడైందనే అనుకుని బేరం చేయండి.

ఒక్క పరీక్ష చేయడానికి మాత్రమే వీలుందంటే నేను ఇది చేస్తాను. కారును చదునైన చోట నిలిపి, నాలుగు తలుపులు తెరిచి మూసి, అవి ఎంత సులువుగా పడుతున్నాయో, సందులు ఎంత సమానంగా ఉన్నాయో గుర్తుపెట్టుకోండి. తర్వాత ఒక పక్క జాకీ పెట్టే చోట జాకీ పెట్టించి, ఆ పక్క ముందు చక్రం నేల విడిచే దాకా ఎత్తించండి. మళ్లీ అవే తలుపులు మూయండి. బాడీ గట్టిగా ఉన్న ఫియట్‌లో తేడా దాదాపు తెలియదు. తలుపు కొక్కెం పైకో కిందికో కొట్టుకుంటున్నా, సందు ఒకచోట మూసుకుపోయి మరోచోట విచ్చుకున్నా, అసలు జాకీయే రేకులోకి దిగబడుతున్నా, సైడ్ మెంబరు పోయినట్టే. అలాంటి కారును నాలుగు లక్షలకు కాదు, అందులో సగానికి కూడా తీసుకోవద్దనే చెబుతాను. ఎందుకంటే దానిని సరిచేసే టింకరింగ్ మేస్త్రీలు తగ్గిపోయారు, ఉన్నవాళ్లు చేసే పని నెలల తరబడి సాగుతుంది, ఆ పని ముగిశాక మళ్లీ మొత్తం రంగు వేయించాలి.

అడుగు గట్టిగా ఉందని తేలితే నంబర్లకు రండి. బానెట్ కింద బాడీ మీద గుద్దిన చాసిస్ నంబరు, రివెట్లతో బిగించిన ప్లేటు మీద నంబరు, ఇంజన్ బ్లాకు మీద గుద్దిన నంబరు, ఆర్సీ పుస్తకంలో చేత్తో రాసిన నంబర్లు — ఇవన్నీ అక్షరం తేడా లేకుండా కలవాలి. కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ముద్ర తీసుకోండి. గుద్దిన అంకెల చుట్టూ రేకు నున్నగా అరగదీసి ఉన్నా, ఒక అంకె లోతు మిగతావాటితో కలవకపోయినా అక్కడితో మాటలు ఆపేసి వచ్చేయండి. ఇంజన్ నంబరు కలవకపోవడం ఈ వయసు కార్లలో తరచూ జరిగేదే. పద్మిని ఇంజన్ 2000 ప్రాంతం దాకా దొరికింది కనుక ఎప్పుడో మార్చి, ఆర్సీలో ఎక్కించకుండా వదిలేస్తారు. దానిని సరిచేయించుకోవచ్చు, అయితే ఆ పని మీరు కొనక ముందే అమ్మేవారు చేయించి ఇవ్వాలి.

తండ్రిగారి పేరు మీద ఉన్న బండిని కొడుకు నేరుగా మీకు రాసివ్వలేరు. యజమాని చనిపోయినప్పుడు వారసుడి పేరుకు మార్చుకోవడానికి ఫారం 31 ఉంది. దానితో మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం పెట్టాలి. అది పూర్తయ్యాకే ఫారం 29, 30ల మీద మీ పేరుకు మారుతుంది. తండ్రిగారు బతికుండగా సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు ఉన్నాయని ఎవరైనా అంటే ఆ దారిలో వెళ్లకండి. ఇద్దరు అక్కచెల్లెళ్లు వేరే ఊళ్లో ఉన్నారని, వాళ్ల సంతకాలు తర్వాత తెస్తామని చెప్పే ఇళ్లలో ఆ ‘తర్వాత’ రావడానికి ఏళ్లు పడుతుంది.

ఇంకో మెలిక ఉంది. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆపైన అయిదేసి ఏళ్లకు ఫారం 25తో పొడిగించుకోవాలి. షెడ్డులో ఉన్న కారుకు ఎవరూ పొడిగింపు చేయించి ఉండరు. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన కారుకు పొడిగింపు రుసుమే 10,000 రూపాయలు; ఆలస్యానికి నెలకు 500 చొప్పున అదనం; గ్రీన్ ట్యాక్స్ వేరే. పైగా మూడు అక్షరాల పాత నంబర్లలో కొన్ని కంప్యూటర్ రికార్డులోకి ఎక్కనే లేదు. కనుక అడ్వాన్సు ఇచ్చే ముందు అమ్మేవారితో కలిసి కరీంనగర్ దగ్గరి తిమ్మాపూర్‌లోని రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి, ఆ నంబరు రికార్డులో ఉందో లేదో, ఎంత బకాయి ఉందో, ఏ ఫైనాన్సు సంస్థ పేరైనా మిగిలి ఉందో కనుక్కోండి. ఆ ఒక్క పూట మీకు చాలా డబ్బు మిగులుస్తుంది.

ఇప్పుడు మార్పుల సంగతి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన, మొదటి రూపంలోనే ఉన్న వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. రుసుము 20,000, గడువు 10 ఏళ్లు, తర్వాత పొడిగింపుకు 5,000. కొత్తగా నమోదయ్యే వాటికి నంబరులో ‘వీఏ’ అన్న అక్షరాలు వస్తాయి; ముందే రిజిస్టరైన బండి తన పాత నంబరును ఉంచుకోవచ్చు. 1969 కారుకు వయసు సరిపోయింది. కాని చాసిస్‌లో, బాడీలో, ఇంజన్‌లో పెద్ద మార్పులు జరిగిన వాహనానికి ఆ గుర్తింపు రాదు. పైగా వింటేజ్ వాహనాన్ని ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు, పెట్రోలుకు తప్ప రోజూ రోడ్డు మీద వాడకూడదు. ఆదివారం రామప్పకు వెళ్లాలన్న మీ కోరికకు మామూలు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడమే సరైన దారి. అక్కడ కూడా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డు వస్తుంది: తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని అది చెబుతుంది, 2019లో సుప్రీంకోర్టు కూడా దానిని గట్టిగా సమర్థించింది. సీట్లు మార్చినందుకు ఎవరూ పట్టించుకోకపోవచ్చు. ఈ కారుకు అసలు గేరు స్టీరింగు కింద ఉండేది; ఫ్లోరు గేరు కోసం ఫ్లోరు మధ్యలో ఎత్తుగా ఉండే సొరంగం రేకును కోసి ఉంటే, అది చట్టం మాట అటుంచి, బాడీ బలానికి సంబంధించిన విషయం. పద్మిని చివరి మోడళ్ల గేరుబాక్సుతో సహా శుభ్రంగా దించారా, లేక స్టీరింగు కింది గేరు రాడ్లను వంచి ఏదో అతుకు పెట్టారా అన్నది కింద పడుకుని చూస్తే అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

రెండు కార్బొరేటర్ల వల్ల ఎండాకాలంలో మీకు పని పెరుగుతుందే గాని సుఖం పెరగదు. రెండింటినీ సమానంగా కుదర్చగలిగిన చేయి దొరకాలి. ఒకటి తేడా పడితే బండి దడదడలాడుతుంది, పెట్రోలు తాగుతుంది. నేనైతే ఆ కార్బొరేటర్లకు ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వను. తీసేసిన పాత కార్బొరేటరు, దాని మానిఫోల్డు, స్టీరింగు కింది గేరు రాడ్లు, ముందరి పొడవాటి సీటు — ఇవి అటక మీద ఎక్కడైనా దాచి ఉంచారేమో అడిగి చూడండి. ఉంటే వాటితో కలిపి బేరం చేయండి. ఆ అట్టపెట్టె విలువ బకెట్ సీట్ల కన్నా ఎక్కువ.

ఇంజన్‌ను చల్లగా ఉన్నప్పుడే చూడాలి. వెళ్లగానే రేడియేటర్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే వేడి చేసి ఉంచారని అర్థం, టీ తాగి రెండు గంటల తర్వాత మళ్లీ రండి. బ్లాకు ఇనుముది, హెడ్డు అల్యూమినియంది కావడం వల్ల ఒక్కసారి బాగా వేడెక్కినా హెడ్డు వంగి గ్యాస్కెట్ పోతుంది. మూత తీసి రేడియేటర్ నీళ్ల మీద నూనె తెట్టు ఉందా, ఆయిలు పోసే మూత లోపల మీగడలాంటి తెల్లటి జిగురు ఉందా చూడండి. స్టార్టు చేసిన మొదటి క్షణాన సైలెన్సరు దగ్గర ఒకరిని నిలబెట్టి పొగ రంగు చూడమనండి. కాసేపు ఆగాక రేస్ ఇచ్చినప్పుడు నీలిపొగ వస్తే వాల్వు గైడ్లు అరిగినట్టు. లోడు మీద నడుస్తూ విడవకుండా వస్తే పిస్టన్ రింగులు, సిలిండర్ బోరు. వేడెక్కాక కూడా ఆగని తెల్లపొగ వస్తే గ్యాస్కెట్. నల్లపొగ వస్తే కార్బొరేటరు. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) కొలిపించి, వాటి మధ్య తేడా పది పదిహేను శాతం దాటకుండా ఉంటే తృప్తి పడండి. ఇవేవీ బేరం వదులుకోవలసిన లోపాలు కావు. పిస్టన్లు, రింగులు, బేరింగులు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వెతికితే ఇప్పటికీ దొరుకుతాయి. ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టి ధరలో తగ్గించమనండి, అంతే.

రోడ్డు మీద నడిపి చూడటానికి అలుగునూరు వంతెన దాటి రాజీవ్ రహదారి మీద తిమ్మాపూర్ దాకా వెళ్లి రావడం చాలు. మొదటి గేరు కదులుతున్న బండిలో గరగరమంటూ పడుతుంది. ఆ గేరుకు సింక్రోమెష్ (గేరు చప్పుడు లేకుండా పడేలా చేసే అమరిక) లేదు కనుక దానిని లోపంగా లెక్కపెట్టకండి. రెండు, మూడు గేర్లు వాటంతట అవి జారి న్యూట్రల్‌లోకి వస్తే అది నిజమైన లోపం. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే కనుక కొత్త కార్లంత గట్టిగా పట్టవు. కాని పక్కకు లాగకూడదు. బండి ఆపి పెడల్‌ను నిలకడగా నొక్కి పట్టుకోండి. అది మెల్లగా కిందికి దిగిపోతుంటే బ్రేకు మాస్టర్ సిలిండర్ రబ్బరు కప్పులు పోయాయి. ఆ స్థితిలో ఇంకెక్కడికీ నడపకండి. ఎందుకంటే ఒక్క పైపు కారినా నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. వాపసు వచ్చాక ముందు చక్రాన్ని జాకీ మీద ఎత్తి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే మరొకరిని బ్రేకు నొక్కమనండి. ఊపు ఆగిపోతే వీల్ బేరింగు, ఆగకపోతే కింగ్ పిన్, అంటే ముందు చక్రం పక్కకు తిరిగే పిన్ను. వేళకు గ్రీజు కొట్టని బండికి కింగ్ పిన్లే మొదట పోతాయి. గ్రీజు నిప్పల్స్ మీద మట్టి గడ్డకట్టి ఉంటే ఆ ఇంట్లో కారును ఎంత పట్టించుకున్నారో ఇక వేరే అడగనక్కరలేదు.

ఏళ్ల తరబడి నిలిచిన కారు కనుక పెట్రోలు ట్యాంకు తుప్పు, రబ్బరు పైపులు, ఫ్యూయల్ పంపు డయాఫ్రం మీ ఖర్చులోనే వేసుకోండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరును త్వరగా పాడుచేస్తుంది. అన్ని పైపులూ కొత్త రకానివి వేయించాకే బండిని నడపండి.

ధర విషయానికి వస్తే, ఫొటోలు చూసి అంకె చెప్పడం నాకు ఇష్టం లేదు. అయినా మీ పరిస్థితిలో నేనైతే ఇలా మాట్లాడతాను: ఫారం 31 పని, రిజిస్ట్రేషన్ పొడిగింపు, బకాయిలు అమ్మేవారివి, ఇంజన్, బ్రేకులు, టైర్లు నావి, అడుగు మాత్రం ఇప్పుడే గట్టిగా ఉండాలి. వారసుడి పేరుకు పుస్తకం మారే దాకా చిన్న మొత్తం మాత్రమే అడ్వాన్సు ఇచ్చి, రసీదులో చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, మారకపోతే డబ్బు వాపసు ఇస్తామన్న మాట రాయించుకోండి. సొమ్ము బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

అన్నీ కుదిరి కొన్నారనుకోండి, కరీంనగర్ నుంచి హుజూరాబాద్, ఎల్కతుర్తి మీదుగా నడుపుకుంటూ రావాలన్న సరదా ఆ రోజుకు మానుకోండి. టైరు పక్కన ఉండే నాలుగంకెల తేదీ చూస్తే అది ఏ వారంలో, ఏ సంవత్సరంలో తయారైందో తెలుస్తుంది. గాడులు లోతుగా కనిపిస్తున్నా పదేళ్లు దాటిన టైరు ఎండలో ఆ దూరం తట్టుకోదు. 5.20-14 సైజు టైర్లు, బ్రేకు గొట్టాలు మార్పించే దాకా ఆ కారును ట్రాలీ మీద ఎక్కించి ఆటోనగర్‌కు తెప్పించండి. ఇన్సూరెన్సు అదే రోజు మీ పేరు మీద కట్టించండి.